స్టెల్లా మేడం మనుషుల్ని పైకి తెచ్చిన ఆదివారం

మొన్న బెంగుళూరులో ఒక ఆసుపత్రికి పోయినప్పుడు అక్కడి లిఫ్టు ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. కడుపులో చిన్న తేలిక, చెవుల్లో ఇనుపతాడు సన్నగా పాడినట్టు ఒక రొద, ఆ తర్వాత నిశ్శబ్దం. తలుపులు తెరుచుకున్నాక గాని పై అంతస్తుకు చేరామని అర్థం కాలేదు. వెనక ఎవరో "దిగండి సార్" అంటున్నా నేను కదల్లేదు. మంచి చేయి ఆపితే లోపలి మనిషికి ఆగినట్టే తెలియదని, చాలా ఏళ్ళ కిందట స్టెల్లా మేడం నాతో అన్నారు. ఆవిడ లిఫ్టులు నడిపే మనిషి కాదు. కేజీఎఫ్ బంగారు గనులకు కొంత దూరంలో ఉన్న నరసాపురంలో బండ్లకు విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాలో కంప్యూటర్ల విభాగానికి పెద్ద. నేను ఆవిడ కింద పనిచేశాను.

నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికి నవ్వుతుంటారు. రవణ చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేస్తే నిజం దొరుకుతుందని మా ఊరి బేతమంగళ బస్సులో ఒక లెక్క ఉంది. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ ఈ ఒక్క విషయానికి మాత్రం దాన్ని వాడకండి.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నా నోటి గురించి మేడంకు తెలిసిపోయింది. గదిలో ఏదో పని నడుస్తోంది, ఆవిడ తెర మీదినుంచి కళ్ళు తిప్పడం లేదు. నేనేమో మా తాత పట్టిన కొండచిలువ గురించి చెబుతున్నాను. పని ముగిసేదాకా ఆవిడ పలకలేదు. ముగిశాక కుర్చీ తిప్పి, చాలా నెమ్మదిగా అడిగారు.

"రవణా, మా నాయన ఏం పని చేసినాడో తెలుసా నీకు?"

"గనిలో అని విన్నాను మేడం."

"గనిలో కాదప్పా, గని మీద. వైండర్ డ్రైవరు. కేజీ అని తాడుకు వేలాడే ఇనుపబోను ఉంటుంది, దాంట్లో మనుషుల్ని కిందికి దించేది, పైకి తెచ్చేది. ఆయనకు గుంత కనపడదు, కేజీ కనపడదు. ముందర కేజీ ఎంత లోతులో ఉండాదో చూపే ముల్లు ఒకటి తిరగతా ఉంటుంది, చెవికి గంట వినపడతా ఉంటుంది. అంతే."

ఆవిడ చిన్నప్పుడు నాయనకు క్యారియరు తీసుకుపోయేవారట. ఇంజను గది తలుపు దాటి ఎవరూ లోపలికి పోకూడదు. కేజీలో మనుషులున్నంతసేపు ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. పెళ్ళాం కాదు, బిడ్డ కాదు, గనికి పెద్ద దొర వచ్చినా సరే, తలుపు బయట నిలబడాల్సిందే. రాయి ఎక్కితే ఒక గంట, మనిషి ఎక్కితే వేరే గంట. రాయిని దడదడా లాగేసేవాడట. మనిషి గంట వినపడిందంటే ఆయన భుజాలు మారిపోయేవట.

"రాయి పడితే మళ్ళీ తవ్వుకోవచ్చునప్పా. మనిషిని యాడ తవ్వుకుంటావు?" అన్నారు మేడం. "నా ముందర ఉండేది కూడా అట్లాంటి ముల్లే. నేను తెర చూస్తా ఉంటే నీ కొండచిలువను బయట కట్టేసి రా."

అప్పట్లో నాకు అది గనివాళ్ళ పిల్ల చెప్పుకునే గొప్పలా అనిపించింది. గనులు మూతబడి చాలా కాలమైంది. ఆవిడ నాయన కూడా అందరితోపాటు ఇంటికి వచ్చేశాడు. ఆండర్సన్‌పేటలో పగలంతా ఇంటి వాకిట్లో కూర్చొని, సాయంత్రం గని సైరను మోగే వేళకు తనంతట తనే లేచి నిలబడేవాడట. సైరను మోగేది కాదు. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ నా వైపు చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకు మా కార్ఖానాను ఒక పెద్ద కంపెనీ తనలో కలుపుకుంది. మిఠాయిలు పంచారు, గేటు మీద బోర్డు మార్చారు. అసలు పని మా గదిలోకి వచ్చింది. మా మనుషులందరి మెయిల్ ఖాతాలను పాత సర్వర్ నుంచి కొత్త కంపెనీ సర్వర్‌కు మార్చాలి. వినడానికి ఇల్లు మారే పనిలా ఉంటుంది. కానీ కొత్త కంపెనీ ఒక నియమం పెట్టింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి పాత సర్వర్‌ను ఆపేస్తారు. అప్పటికి కొత్తదాంట్లో ఎవరి ఖాతా ఉంటే వాళ్ళే పాత సర్వీసుతో సహా వచ్చిన ఉద్యోగులు. లేనివాళ్ళు కొత్తగా దరఖాస్తు పెట్టుకొని, మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

శనివారం నాడు యంత్రాలు తమంతట తామే పంపుకునే మెయిళ్ళు, రిపోర్టులు, గిడ్డంగి లెక్కలు అన్నీ మేడం కుప్పలుగా ఎత్తి అవతల పోశారు. "ఇది రాయి," అన్నారు. ఆదివారం పొద్దున మనుషుల వంతు. వాళ్ళను మాత్రం కొద్దికొద్దిమందిగానే ఎక్కించారు. ఒక్కొక్కరిది చేరగానే వాళ్ళకు ఫోను చేసి, తెరిచి చూడమని, చూశామని నోటితో చెప్పించుకొని, అప్పుడే తర్వాతి వాళ్ళ దగ్గరికి పోయారు. తెర మీద పచ్చగుర్తు వచ్చింది కదా మేడం, ఫోనెందుకు అని అడిగాను. "పచ్చగుర్తు ముల్లు చెప్పే మాట. మనిషి బయటికొచ్చి నిలబడి చెప్పేది వేరే," అన్నారు.

కానీ అది ఆదివారం. మా వాళ్ళలో సగంమంది చర్చిలో ఉన్నారు, ఫోన్లు ఆపేసి. ప్రార్థన అయ్యాక బిరియానీ, బిరియానీ అయ్యాక నిద్ర. మిగిలిన సగం టమాటా తోటల్లో, పట్టుపురుగుల షెడ్లలో. అలా సాయంత్రమైంది. చివరివాళ్ళలో ఒకడు ఆరోగ్యస్వామి, రెండో షిఫ్టు సూపర్‌వైజరు. ఫోనులో అతని గొంతు నాకూ వినబడింది.

"మేడం, తెరిచినాను. కానీ ఇది నాది కాదు. ఎవరో చీటీ ఎత్తినారంట, గొర్రెపిల్లను ఎప్పుడిస్తావని అడగతా ఉండారు. నాకు చీటీ లేదు, గొర్రె లేదు."

మేడం ఫోను పెట్టేసి తెర వైపు చూశారు. మా దగ్గర ఇద్దరు ఆరోగ్యస్వాములు. ఇద్దరి ఇంటిపేరు అక్షరమూ ఒకటే. ఒకడు పెయింటు షాపు, ఒకడు సూపర్‌వైజరు. కేజీఎఫ్‌లో ఒక వీధిలో కేకేస్తే నలుగురు ఆరోగ్యస్వాములు తలుపు తీస్తారు. ఆ సంగతి కొత్త కంపెనీ యంత్రానికి తెలియదు. ఇద్దర్నీ ఒకడే అనుకొని, ఒకడి ఖాతా మాత్రమే తెచ్చి, రెండు పచ్చగుర్తులు పెట్టింది. ఆరింటికి పాతది ఆగితే సూపర్‌వైజరు ఆరోగ్యస్వామి ఎక్కడా ఉండడు. పెళ్ళీడుకొచ్చిన కూతురు, పదేళ్ళు దాటిన సర్వీసు ఉన్న మనిషి సోమవారం పొద్దున గేటు దగ్గర కొత్త కుర్రాడై నిలబడతాడు.

సూపర్‌వైజరు ఖాతాను విడిగా ఎక్కించడానికి మేడం వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కారు కనిపించింది. కొత్త కంపెనీ హైదరాబాదు నుంచి మా మీద వేసిన అధికారి చక్రధర్ గారు దిగుతున్నారు. పొద్దుటి నుంచి మేడంకు ఫోను చేస్తున్నారట, ఎప్పుడూ ఎంగేజే. పాతదాన్ని దగ్గరుండి ఆపించడానికి స్వయంగా వచ్చేశారు.

మేడం తల తిప్పలేదు. "రవణా, మనిషి ఎక్కినాడు. తలుపు మూసి బయట ఉండు. నీ నోటికి ఈ పొద్దు పని పడినాది."

ఒక మనిషి నా అబద్ధాలను పనిముట్టుగా చేతికి తీసుకోవడం అదే మొదటిసారి. వరండాలో చక్రధర్ గారికి కుర్చీ వేశాను, టీ తెప్పించాను. మేడం ముఖ్యమైన ఘట్టంలో ఉన్నారు, రెండు నిమిషాలు అన్నాను. తర్వాత గనుల గురించి విన్నారా సార్ అని మొదలుపెట్టాను. లోపలి రాయి ఎంత వేడంటే క్యాంటీనుకు కట్టెలే అక్కర్లేదు, గోడకు పిండి కొడితే దోసె అయ్యేదన్నాను. ఆయన "ఔనా" అన్నారు. మా తాత ఒకసారి గుంతలోకి జారిపడ్డాడని, అది ఎంత లోతంటే సగం దారిలో ఆకలేసి సద్దిమూట విప్పుకొని రాగిముద్ద తిన్నాడని చెప్పాను. "నిజమే, చాలా లోతని చదివాను," అన్నారాయన. బేతమంగళ చెరువు నుంచి గొట్టాల్లో పడి వచ్చిన చేప ఒకటి దొరల బంగళా కుళాయిలోంచి దూకి, ముప్పై ఏళ్ళు తొట్టిలో బతికి, దొరసాని పిలిస్తే ఇంగ్లీషులోనే తల ఊపేదన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నీటి స్వచ్ఛత అలాంటిదేమో."

ఆరయింది. ఆయన గడియారం చూసి లేచారు. నా దగ్గర చేపలు అయిపోయాయి, తాతలు అయిపోయారు. ఇంకేమీ తోచక నిజం చెప్పాను. తలుపు అవతల ఉన్నావిడ నాయన ఒక వైండర్ డ్రైవరని, కనపడని మనుషుల్ని ఒక ముల్లు చూసి పైకి తెచ్చేవాడని, వాళ్ళు బయటపడేదాకా ఆయనతో దొర కూడా మాట్లాడేవాడు కాదని చెప్పాను.

చక్రధర్ గారు నవ్వారు. "రవణగారూ, ఇంతసేపూ అన్నీ నమ్మాను. ఇది మాత్రం కల్పించారు. యజమాని మాట్లాడకుండా ఎందుకుంటాడండీ?"

అంటూనే తలుపు తోశారు.

మేడం కుర్చీలో నిటారుగా ఉన్నారు. రెండు చేతులూ బల్ల అంచు మీద, దేన్నో పట్టుకున్నట్టు. తెర మీద గీత చాలా నెమ్మదిగా నిండుతోంది. తలుపు చప్పుడుకు ఆవిడ రెప్ప కూడా కదపలేదు. కాసేపు ముందు వరకూ నాతో మాట్లాడిన మనిషి కాదు అక్కడున్నది. ఆ భుజాలను నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. కానీ ఎవరివో నాకు తెలుసు. గదిలో కంప్యూటర్లున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, అయినా పాదాల కింద ఎక్కడో చాలా లోతున ఒక మనిషి వేలాడుతున్నాడని, ఆ తాడు ఈవిడ చేతుల్లోనే ఉందని నా ఒంటికంతా తెలిసింది.

చక్రధర్ గారు అడుగు వెనక్కి వేసి గడప బయట నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు ఆయనకు. ఆయన జేబులో ఫోను వణికితే గుడ్డ మీదినుంచే నొక్కి ఆపేశారు. ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను.

గీత నిండింది. మేడం ఫోను తీశారు. "చూడప్పా ఆరోగ్యం."

అవతల అతను తెరిచి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు. "వచ్చిండాది మేడం. నాదే. మా పాప ఫోటో కూడా ఉండాది."

అప్పుడు ఆవిడ కుర్చీ తిప్పి, గడప అవతల ఉన్న అధికారిని మొదటిసారి చూసినట్టు చూశారు. "రండి సార్. ఇంగ ఆపుకోవచ్చును."

ఆయన లోపలికి వచ్చి గోడ గడియారం వైపు ఒకసారి చూశారు. పాత సర్వర్‌ను తన చేత్తో ఆపకుండా, "మీరే ఆపండి, అమ్మా," అన్నారు. అంతవరకూ ఆయన ఆవిడను పేరు పెట్టి పిలిచేవారు.

మేడం ఇప్పుడు లేరు. నేను వేరే ఊళ్ళో, వేరే కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. రాయిని కుప్పలుగానే ఎత్తిపోస్తాను. మనుషుల వంతు వచ్చినప్పుడు నా కింద పనిచేసేవాళ్ళకు ఒక వింత కనపడుతుంది. పొద్దస్తమానం వాగే ఈ మనిషి తెర ముందు కూర్చొని గుటక కూడా మింగడు. అన్నీ పచ్చగానే ఉన్నాయి సార్, ఇంటికి పోదామా అంటారు. నేను ఫోను తీసి ఒక్కొక్కరినీ పిలుస్తాను. కొందరు విసుక్కుంటారు, కొందరు అన్నం తింటూ పలుకుతారు. అవతలి మనిషి తన నోటితో వచ్చిందని అనేదాకా పాతదాన్ని ఆపడానికి నా చేయి రాదు.