అలవాట్లు: లేవు

రోగిని ప్రశ్నలడిగి రోగం రాబట్టడంలో నాకు కాలేజీలో బహుమతి వచ్చింది. ఆ గర్వం దిగకముందే జగిత్యాలలో ఉద్యోగం కూడా వచ్చింది. జ్వరంతో వచ్చిన బీర్పూర్ అవ్వను వార్డులో చేర్చుకున్న రోజు ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. జ్వరం ఎప్పటి నుంచి, చలి పెడుతోందా, దగ్గుందా, అన్నీ వరుసగా అడిగాను. చివర్లో, కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా, "మద్యపానం, ధూమపానం లాంటి అలవాట్లేమీ లేవు కదా?" అన్నాను. డెబ్బై ఏళ్ల ముసలమ్మను అంతకంటే మర్యాదగా ఎవరడుగుతారు!

"అయ్యో, గసొంటియి ఏం లెవ్వు మేడం," అంది పక్కనున్న కూతురు. జవాబు నేనే అందించి, దాన్ని ఆమె నోట అనిపించి, 'అలవాట్లు: లేవు' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను.

మూడో రోజు జ్వరం తగ్గింది కానీ అవ్వ చేతులు వణకడం మొదలైంది. లేని పురుగులను దుప్పటి మీంచి ఏరసాగింది. కూతుర్ని పట్టుకుని "ఎవలు నువ్వు?" అంది. మధ్యాహ్నానికి ఫిట్స్ వచ్చాయి. ఇన్ఫెక్షన్ మెదడుకు పాకిందని తేల్చేశాను. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించాలని, ప్రాణానికి హామీ ఇవ్వలేనని చెప్పి, సంతకానికి కాగితం కూతురి ముందు పెట్టాను. ఆమె పెన్ను అందుకుంది.

వార్డు తుడుస్తున్న ఆయమ్మ చీపురు గోడకానించింది. ఏ బహుమతీ రాని మనిషి కదా, నేరుగా అడిగేసింది. "అక్కా, అవ్వ కల్లు తాగక ఎన్ని దినాలాయె?"

"దవాఖానకు అచ్చినకాంచి తాగలే. ఇంటికాడైతే పొద్దుకు రెండు సీసలు," అంది కూతురు.

"మరి అలవాట్లు లేవన్నారు?" నా గొంతు లేచింది.

"తాగుడంటే బ్రాండి, విస్కి గద మేడం. కల్లు తాగనోళ్లు ఎవలున్నరు?"

ఇక్కడ చాలాచోట్ల కల్లులో మత్తుమందు కలిపి అమ్ముతారు. దానికి అలవాటు పడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే ఇలాగే అవుతుంది. పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను కూడా. పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన చెప్పిన ఇంజెక్షన్ పడ్డాక సాయంత్రానికి వణుకు తగ్గింది, అవ్వ కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. ఆయమ్మకు థాంక్స్ చెప్పడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. డాక్టరు హోదా మరి.

ఇంటికి పోయే రోజు అవ్వ నా చేయి పట్టుకుని, మొహంలోకి చూస్తూ నింపాదిగా అడిగింది.

"ఏ ఊరు బిడ్డా?"

"కోరుట్ల అవ్వా."

"మీ నాయిన ఏం పని జేస్తడు?"

చుట్టూ నర్సులున్నారు. మా నాన్న తాటిచెట్లెక్కి, కల్లు దించి, ఆ కల్లు అమ్మిన డబ్బుతోనే నన్ను డాక్టర్ని చేశాడు. ఏమీ కలపని కల్లే లెండి.

"బిజినెస్ అవ్వా," అన్నాను.

అవ్వ నమ్మింది. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.