ఎదురింటి రిమోటు, మా ఇంటి గాలి

"ఏమే, ఫ్యాను వెయ్యి."

"రిమోటు నీ చేతులనే ఉన్నది గదా."

"నువ్వు వెయ్యి."

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను లేచి స్విచ్చి వేశాను. ఫ్యాను తిరగడంతోనే, విస్తర్లు కుట్టడానికి పరుచుకున్న అడ్డాకులన్నీ లేచి గదంతా ఎగిరాయి. వాటిని ఏరుకుంటూ ఆయన్ని తిట్టాను. మంచం కింద ఆకు తీసేటప్పుడు ఒక తిట్టు, దండెం మీది ఆకు తీసేటప్పుడు ఒక తిట్టు. అన్నీ ఏరుకున్నాక గానీ అవతలి నుంచి ఒక్క మాటా రావడం లేదని తట్టలేదు. నిద్రలోనే పోయాడు. అయినా ఆ తిట్లలో సగమన్నా వినే పోయి ఉంటాడని నా నమ్మకం.

చదివేవాళ్ళకు ఆ "నువ్వు వెయ్యి" అన్న మాటలో ఏముందని అనిపించవచ్చు. ఆ మాట అనకుండా బతకడానికి ఆ మనిషి చేసిన హంగామా తెలిస్తే అట్లా అనుకోరు.

ఇది రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను నోటికొచ్చినట్టు చెబుతుంటే ఇది పుస్తకాల్లో ఉండే మాటల్లోకి దిద్దుకుంటూ రాస్తోంది. ఈ కథలో దీని చెయ్యి కూడా ఉంది కాబట్టి ఇప్పుడే కలం ఆపి నా మొహం చూస్తోంది. చూసింది చాలు, రాయి.

మా ఊరు పర్ణశాలకు పోయే దారిలో అడవి అంచున ఉంటుంది. మా ఆయన వెదురు లారీ తోలేవాడు. ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. దారి తప్పినా దారి అడగడు. ఒకసారి కారేపల్లి పోవాల్సిన లారీని చండ్రుగొండ దాకా తోలుకుపోయి, తీరా అక్కడ దిగి, ఈ ఊళ్ళో టీ బాగుంటుందని వచ్చినట్టు ఒక టీ తాగి, మళ్ళీ వెనక్కి తిప్పుకొచ్చాడు. పక్కన కూర్చున్న క్లీనరు చెబితే తెలిసింది మాకు.

అట్లాంటి మనిషి లోడుకు తాడు బిగిస్తూ పైనుంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టి, కదలకుండా పడుకోమని దవాఖానా నుంచి పంపించారు. ఇక దాహమైతే నన్ను అడగాలి. వీపు దురద పెట్టినా నన్నే అడగాలి. అవన్నీ పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. గాలి దగ్గర మాత్రం ఆయన వల్ల కాలేదు. ఎందుకంటే నీళ్ళు అడిగితే ఇచ్చేదాన్ని గానీ, గాలి ఊరికే ఇచ్చేదాన్ని కాదు.

మాది ఒకటే గది, ఒకటే ఫ్యాను. అడవి నుంచి తెచ్చిన అడ్డాకులు నేల మీద పరుచుకుని, ఈనెపుల్లలతో విస్తర్లు కుట్టి గుడి దగ్గరి హోటళ్ళకు వేసేదాన్ని. ఆకు తేలికది, చిన్న గాలికే లేస్తుంది. ఎండాకాలం ఆయనకు గాలి కావాలి, నాకు గాలి వద్దు. స్విచ్చి నా చేతికి అందుతుంది, ఆయనకు అందదు. ఆయన గొంతు సవరించుకుంటే, ఈ కట్ట కానీ అనేదాన్ని. ఆ కట్ట అయ్యాక మళ్ళీ సవరించుకుంటే, ఇంకో కట్ట అనేదాన్ని. చివరికి ఆయన ఏమీ అడగకుండా కళ్ళు మూసుకుని, చెమటలు కారుతున్నా చలేస్తున్నట్టు దుప్పటి కప్పుకునేవాడు. అంత పంతం.

అప్పుడు ఇది, ఈ రాస్తున్న పిల్ల, సెలవులకు వచ్చింది. ఖమ్మంలో డిప్లొమా చదువుతోంది, ఎలక్ట్రానిక్సు. నేను బయట ఆకులు తడుపుతుంటే లోపల మేనమామా మేనకోడలూ గుసగుసలాడుకోవడం వినిపించింది.

"కోడలా, ఎవర్నీ అడగకుంట గాలొచ్చే ఉపాయం ఏమన్న ఉన్నదా మీ సదువుల?"

"ఉన్నది మామా. పండుకున్నకాడి నుంచే రిమోటుతోటి ఏస్కోవచ్చు."

మా ఆయన మొహం అంతగా వెలగడం నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

రిమోటు ఎదురింటామె ఇచ్చింది. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నవాళ్ళు, మంచివాళ్ళు. వాళ్ళింట్లో కలర్ టీవీ ఉంది. కొత్త రిమోటు కొన్నారు కాబట్టి, అంచు పగిలిన పాతది మాకు ఇచ్చేసింది. మిగతావి ఇది ఖమ్మం నుంచి తెచ్చుకుంది. అందులో ఒక నల్ల చిప్పు, దానికి రెండు పక్కలా కలిపి నలభై కాళ్ళు. చూస్తే అచ్చం జెర్రి. అడవి అంచున ఉన్నదాన్ని, జెర్రి కనబడితే చెప్పు తీసుకోవడం నాకు అలవాటు. కాస్తలో తప్పించి దాన్ని కాపాడుకుంది ఇది.

ఆ జెర్రికి ముందు ఏమీ తెలియదట. ఏం చెయ్యాలో దానికి నేర్పించాలట, అది కూడా కాలేజీలోనే అవుతుందట. డబ్బీలో దూది పెట్టి, దాన్ని పడుకోబెట్టి, బస్సులో ఖమ్మం తీసుకుపోయింది. నేను బడి గడప తొక్కలేదు. మా ఆయన రెండో తరగతి. మా ఇంట్లో కాలేజీ దాకా పోయి చదువుకుని వచ్చింది ఆ జెర్రే.

అన్నీ సబ్బు డబ్బాలో పెట్టి గోడకు బిగించింది. డబ్బా ముందు ఒక చిన్న నల్ల కన్ను. రిమోటు నొక్కితే మన కంటికి కనబడని వెలుగు వస్తుంది, అది ఆ కంటికి తగిలితే జెర్రి లోపల టక్కుమని కరెంటు కలుపుతుంది, మళ్ళీ తగిలితే టక్కుమని తీసేస్తుంది. నేను పాత స్విచ్చి నొక్కి ఆపేస్తానని దాన్ని కూడా ఊడబీకించాడు మా ఆయన. ఆ కన్ను వాకిలి వైపు చూస్తుంది. వెలుగు సూటిగా తగలడానికి మంచం ఎక్కడ ఉండాలో చూసి, నేల మీద ముగ్గుపిండితో గీత గీసి, మంచం ఈ గీత దాటొద్దంది. పర్ణశాలలో యాత్రికులకు చూపించే గీత చాలలేదా, మన ఇంట్లో కూడా ఒకటా అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. ఫ్యాను తిరుగుతోంది, ఇద్దరూ నోరు తెరుచుకుని పైకి చూస్తున్నారు.

ఆ రోజు నుంచి ఆయన రాజు. బొటనవేలు కదిపితే గాలి. నా ఆకులు ఎగిరితే అటు తిరిగి పడుకునేవాడు, భుజాలు మాత్రం ఊగేవి. లోపల ఇక కుదరదని ఆకులన్నీ ఎత్తుకుని అరుగు మీదికి పోయాను. ఆయన లోపల గాలికి, నేను బయట ఎండకు. ఆయనకు అడిగే పని లేదు, నాకు తిట్టే పని లేదు. ఇంట్లో అలికిడి అంటే ఆ టక్కు ఒకటే.

కొన్ని రోజులకు సాయంత్రాలు ఫ్యాను తిక్కతిక్కగా చెయ్యసాగింది. తిరిగేది ఉన్నట్టుండి ఆగుతుంది, ఆగింది తిరుగుతుంది. ఏమైందని అడిగితే నేనే వేశాను అనేవాడు. ఆగితే నేనే ఆపాను అనేవాడు. ఒకసారి ఆగిపోయి, నుదుటి మీంచి చెమట చెవుల్లోకి కారుతుంటే కూడా అదే మాట.

"నేనే ఆపిన. సల్లగున్నది."

రిమోటేమో ఆయన కాళ్ళ దగ్గర పడి ఉంది. కాలితో ఆపావా అని అడిగాను. అవునన్నాడు.

సంగతి నాకు అరుగు మీద కూర్చుంటే తెలిసింది. ఎదురింటివాళ్ళ టీవీ వాళ్ళ వాకిలి పక్కనే ఉంటుంది. ఆమె లోపల కూర్చుని, టీవీకని రిమోటు వాకిలి వైపు పెడుతుంది. ఆమె చెయ్యి లేచింది, మా ఇంట్లో టక్కుమంది. ఆమె చెయ్యి మళ్ళీ లేచింది, మళ్ళీ టక్కుమంది. సందు చిన్నది, వాళ్ళ తలుపు తెరిచి ఉంది, మా తలుపు తెరిచి ఉంది, ఆ కనబడని వెలుగు టీవీని దాటి నేరుగా మా జెర్రి కంట్లో పడుతోంది. ఈ పిల్లేమో దానికి ఏ బటన్ నొక్కినా ఒకటే అని నేర్పించి వచ్చింది. రాయి, దాచకు. సీరియల్లో అత్త ఏడుపు మొదలుపెడితే ఎదురింటామె సౌండు పెంచుతుంది, మా ఫ్యాను తిరుగుతుంది. ప్రకటనలు వస్తే సౌండు తగ్గిస్తుంది, మా ఫ్యాను ఆగుతుంది.

నేను లోపలికి పోయి ఆయనకు చెప్పాను.

"నీకు గాలాడాల్నంటే టీవీల ఆ అత్త ఏడ్వాలె. పాపం, నీకోసం ఎంతసేపని ఏడుస్తది."

ఆయన నమ్మలేదు. నేను సందు దాటి ఎదురింటామెకు చెప్పాను. ఆమె నవ్వలేదు, అదే తప్పయింది. పెద్ద మనసున్న మనిషి. సీరియల్ వదిలేసి రిమోటు పట్టుకుని వచ్చి మా గడప బయట నిలబడింది. ఒకసారి నొక్కింది, ఫ్యాను తిరిగింది. ఇంకోసారి నొక్కింది, ఆగింది. మా ఆయన పైకి చూస్తూ పడుకున్నాడు.

"అన్నయ్యగారూ, ఇందులో మొహమాటం ఏవీ పెట్టుకోకండి. గాలి కావాలనిపిస్తే మంచంలోంచే ఒక కేక వెయ్యండి, మా ఇంట్లోంచి నేనే నొక్కేస్తాను."

దారి అడగడం ఇష్టంలేక ఊరు దాటి పోయిన మనిషి. ఇప్పుడు గాలికి సందు అవతలికి కేక వెయ్యాలి. ఆమెకు దండం పెట్టాడు. ఆమె పోయాక చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఆ గోడకే చెప్పినట్టు చెప్పాడు.

"ఆ డబ్బా ఊడబీకు."

"మరి గాలి?"

నేను గడప మీద కూర్చుని ఎదురుచూశాను. పొయ్యి మీది కూర దించాల్సి ఉన్నా లేవలేదు.

"నువ్వు వెయ్యి" అన్నాడు.

మరునాడు కరెంటు పని తెలిసినతన్ని పిలిచి డబ్బా తీయించి స్విచ్చి మళ్ళీ పెట్టించాను. ఆకులు లోపలికి తెచ్చుకున్నాను. ఆయన గొంతు సవరించుకోవడం, నేను ఈ కట్ట కానీ అనడం, మళ్ళీ మొదలైంది.

తర్వాతి సెలవులకు ఇది వచ్చి సంగతి విని సిగ్గుపడింది. జెర్రిని మళ్ళీ కాలేజీకి తీసుకుపోయి, ఒక్క ఎర్ర బటన్‌కే పలకాలని, అది కూడా వరసగా మూడుసార్లు నొక్కితేనే పలకాలని నేర్పించుకొచ్చి, డబ్బా మళ్ళీ గోడకు బిగించింది. ఎదురింట్లో ఎంత ఏడ్చినా మా ఫ్యాను కదల్లేదు. ఈసారి గోడ స్విచ్చి తీసెయ్యొద్దని, రెండూ పనిచెయ్యాలని మా ఆయనే చెప్పాడు. కాలు అతుక్కుని కర్ర పట్టుకుని నడిచినప్పుడు కూడా రిమోటు పక్కనే పెట్టుకునేవాడు. ఆ బటన్ నొక్కగా మాత్రం నేను చూడలేదు. నన్నే పిలిచేవాడు. ఇంత కష్టపడి బాగుచేస్తే ఎందుకు వాడవని ఇది ముక్కు ఎగబీల్చి అడిగింది.

"జెర్రి గాలి ఇస్తది కోడలా. తిట్టది" అన్నాడు.

అది విని నేను తిట్టాను. ఆయన ఫ్యాను కింద కళ్ళు మూసుకున్నాడు.

అంతే. డబ్బా ఇప్పటికీ గోడకు ఉంది, నొక్కితే టక్కుమంటుంది. ఇగ నువ్వు రాసింది నాకు సదివి వినిపించు పిల్లా. ఏ బటన్ నొక్కినా ఒకటే అన్నది రాసినవో, దాటేసినవో వింట. ముందుగాల ఫ్యాను ఆపు, కాయితాలు లేస్తున్నయి. రిమోటు ఎతకకు. లేసి ఆపి, వచ్చి సదువు.