కొవ్వూరు, చాగల్లు, నిడదవోలు

సముద్రాల అవతల, పెరూ దేశంలో, ఒక ఇంట్లో ఏటా నేను ఉపదేశించిన మంత్రం చదువుతారు. గోదావరి గట్టున కాఫీ హోటల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. స్టేషన్ మాస్టరుగా చేసిన రోజుల్లో, స్పానిష్ అనర్గళంగా మాట్లాడుతూ, ఆ విదేశీ జంట చేత కర్మ జరిపించానని కూడా చెప్పాను. విన్నవాళ్లు నోరు వెళ్లబెట్టేవారు. ఇంటికొచ్చాక నాకు మాత్రం అన్నం సయించేది కాదు. ఏడేళ్లుగా అంతే. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే గట్టుకి వెళ్లాలనిపిస్తుంది, తీరా వెళితే నీళ్లవైపు చూడబుద్ధి కాదు. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెబుతున్నాను.

ముందు, కోసిన కోతలు వెనక్కి తీసుకుంటాను. నేను స్టేషన్ మాస్టర్ని కాను. రైళ్ల రాకపోకలు మైకులో చదివే ఉద్యోగం నాది. స్పానిష్ ఒక్క ముక్క రాదు. మాట్లాడింది నా రైల్వే ఇంగ్లీషే. ఇక ఆ మంత్రం... దాని దగ్గరికే వస్తున్నాను. రావడానికే కాళ్లాడటం లేదు.

పుష్కరాలకు ముందు ఏడాది, చలికాలం. నాకు డ్యూటీ లేని రోజు. పొద్దున్నే గోదావరి స్టేషన్ బయట, తమకన్నా పెద్ద సంచులు వీపున మోస్తూ ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆమె పేరు రోసా. ఆమె భర్త మాటకారి కాదు. నవ్వుతూ వెనకే నడిచేవాడు. సాయంత్రం బండి దాకా ఊరు చూడాలన్నారు. నేను చూపిస్తానన్నాను. నన్నెవరడిగారు? ఎవరూ అడగలేదు.

ఆ రోజు నేనాడని అబద్ధం లేదు. పాత వంతెనకు మా తాత రివెట్లు కొట్టాడన్నాను. మా మాటల చివర వినిపించే 'అండి' వాళ్ల ఆండీస్ కొండల పేరేనన్నాను. పెసరట్టు తినిపించి, రోజ్ మిల్క్ తాగించి, మెయిన్ రోడ్డంతా తిప్పాను. వాళ్లు ప్రతిదానికీ కళ్లింత చేసుకుని నావైపే చూశారు. యాభై దాటాక నన్నలా చూసినవాళ్లు లేరు. ఆ చూపు రుచి మరిగాను.

మధ్యాహ్నం పుష్కర ఘాట్‌లో సత్తిబాబు పడవ ఎక్కాం. నాకు చాలా ఏళ్లుగా తెలిసినవాడే. "ఏ ఊరో అడగండి బాబుగారూ," అన్నాడు. అడిగాను. "పెరూ," అంది ఆమె.

"పేరు కాదమ్మా, ఊరు! ఊరు!" అని తెడ్డు పైకెత్తి అరిచాడు సత్తిబాబు.

సంగతి తెలిశాక అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఆమె సంచిలోంచి చిన్న నల్ల డబ్బా తీసింది. కెమెరా రీలు పెట్టి అమ్మే డబ్బా. అందులో వాళ్లమ్మ ఉంది.

చిటికెడు చితాభస్మం. ఆ తల్లి బతికినంతకాలం తన ఊరి పొలిమేర దాటలేదట. అందుకని కూతురు ఆమెను దేశాలు తిప్పుతోంది. ఇంత వెడల్పు నది ఎక్కడా చూడలేదు, ఇక్కడ వదులుతాను, మంత్రం చదివేవాళ్లు దొరుకుతారా అని అడిగింది.

సత్తిబాబుకి విషయం చెప్పాను. "పంతులుగారు భోజనానికెళ్లారండి. గంటలో వచ్చేత్తారు. ఆగుదామండి," అన్నాడు.

గంట. వాళ్ల బండికి ఇంకా నాలుగు గంటలుంది. ఆగితే ఏం పోయేది? ఏడేళ్లుగా ఇదే అడుగుతున్నాను నన్ను నేను. ఎండ అని, ఆమె తొందరపడుతోందని, పంతులుగారు పరదేశీయులకు చేయరేమోనని ఎన్ని సాకులు చెప్పుకున్నా, నిజం ఒక్కటే, పొద్దుట్నుంచీ నావైపు తిరిగి ఉన్న ఆ రెండు ముఖాలూ ఇంకొకరివైపు తిరగడం నేను ఓర్చుకోలేకపోయాను.

"నాకు వచ్చు," అన్నాను.

ఏం వచ్చు నాకు? నోరు తెరిస్తే లయగా వచ్చేది ఒక్కటే. ఇరవై ఏళ్లుగా మైకులో చదివింది. కళ్లు మూసుకుని, గొంతు సాగదీసి మొదలుపెట్టాను. కొవ్వూరు... చాగల్లు... నిడదవోలు... తణుకు... అవి నరసాపురం పాసింజరు ఆగే స్టేషన్లు. ఆమె డబ్బా ఒంపింది. భస్మం నీటి మీద కాసేపు తేలి, విడిపోయింది.

ఆమె కళ్లు తుడుచుకుని నోటుపుస్తకం తీసింది. "మళ్లీ మెల్లగా చెప్పండి. రాసుకుంటాను."

చెప్పాను.

"అర్థం ఏంటి?"

"మీ అమ్మగారు బంధాలన్నీ దాటిపోయారని."

వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. సత్తిబాబు ముఖం తిప్పుకుని తెడ్డు వేశాడు.

అక్కడితో అయిపోతే ఎప్పటికైనా మరిచిపోయేవాణ్ణేమో. మూడేళ్లకు, నా పేరున స్టేషన్ అడ్రసుకి, పెరూ నుంచి కార్డు వచ్చింది. అమ్మ పోయిన రోజున ఏటా కొవ్వొత్తి వెలిగించి మీ మంత్రం చదువుతున్నాం, మా పాపకి కూడా కంఠతా వచ్చేసింది, అని. కింద అడ్రసు. దాన్ని పాత టైం టేబుల్ పుస్తకంలో దాచేశాను. జవాబు రాయలేదు. ఏమని రాయను? అవి ఊళ్ల పేర్లమ్మా అనా? ఆ పసిది 'చాగల్లు' ఎలా పలుకుతుందో అనుకుంటే నవ్వొస్తుంది. వెంటనే ఆ నవ్విన నోటిని ఏం చేయాలో తెలియదు.

ఒక్క ఊరట మిగుల్చుకున్నాను. భీమవరం, పాలకొల్లు కూడా దాటించి నరసాపురం దాకా చదివాను. నరసాపురం దాటితే ఇక సముద్రమే. అంటే తెలియకుండానే ఆ తల్లికి సరైన దారే చెప్పానేమో కదా? ఏమో. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. రాసేశాక మాత్రం గుండెల మీంచి ఏదో దిగినట్టుంది.

ఇక్కడిదాకా రాసి, నిన్న గట్టున సత్తిబాబుకి చదివి వినిపించాను. చుట్ట ఆరిపోయినా అలాగే పట్టుకుని విన్నాడు.

"బాగా రాసారండి. నరసాపురం మాత్రం అబద్ధమండి."

"అదేంట్రా?"

"భీమవరం కాడే మీకు నవ్వొచ్చేసింది బాబుగారూ. దగ్గొచ్చినట్టు తువ్వాలు అడ్డమెట్టుకుని ఆపేసారు. ఆవిడ రాసుకున్నదీ అంతవరకేనండి. ఆ మాతల్లి ఇంకా భీమవరంలోనే ఉందండి, ఆయ్."