నీళ్ళ మీద జామలంక

ఆ రోజుల్లో ఇంటర్నెట్ మ్యాపులో గోదావరి అంటే ఒక నీలం గీత, రాజమండ్రి అంటే ఒక చుక్క, దిగువనున్న మా ఊళ్ళన్నీ కలిపి ఉత్త తెల్ల జాగా. ఇప్పటి పిల్లలు ఫోను ఎటు తిరగమంటే అటు తిరుగుతున్నారు గానీ, ఆ సందుని అందులో గీసిందెవరని ఒక్కడూ అడగడు. అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను: పైసా జీతం లేకుండా, ఎండనపడి తిరిగి, మేం గీశాం. మేం అంటే యూనివర్సిటీ పిల్లలూ, వాళ్ళకి పాఠం చెప్పిన నేనూ. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. జెరాక్సు షాపులో కంప్యూటరు పెట్టుకుని, ఎవరైనా దిద్దగలిగే ఆ మ్యాపు పని నాకు నేనే నేర్చుకున్నాను. అది చూసిన లెక్చరర్ గారొకాయన, ఆదివారాలు మా పిల్లలకి కాస్త నేర్పండి అన్నారు. అలా యాభై దాటాక నాకు కాలేజీ వయసొచ్చింది. (మొదటిసారి వచ్చినప్పుడు రైసుమిల్లులో బస్తాలు కుడుతున్నాను, చూసుకోలేదు.)

నా పాఠంలో సూత్రం ఒక్కటే. శాటిలైటు ఫొటోలో ఇళ్ళు కనబడతాయి, పేర్లు కనబడవు. ఊళ్ళోకి వెళ్ళండి, జనం ఏం చెబితే అది ఎక్కించండి. గోదావరి జిల్లాల్లో ఇదెంత ప్రమాదమో నాకు తట్టలేదు. మన దగ్గర దారి చెప్పేవాడు ఉన్నవాటితో చెప్పడు, పోయినవాటితో చెబుతాడు. కరణం గారి చావిడి దాటాక పాత హోటలు పక్కనండి అంటాడు. చావిడి ఎప్పుడో కూలిపోయింది, హోటలాయన కాలం చేశాడు. పిల్లలు శ్రద్ధగా అన్నీ ఎక్కించేశారు. తీరా చూస్తే మా మ్యాపులో సగం ఊరు చచ్చిపోయినదే.

అవన్నీ చెరిపిస్తూ తిరుగుతుండగా ఏటిగట్టు మీద కాలనీలో ఒక మామ్మ తగిలింది. ఆ కాలనీ వాళ్ళంతా ఒకప్పుడు ఏటి మధ్య జామలంకలో ఉండేవాళ్ళు. వరదలకి లంక కోసుకుపోతే గట్టు మీదికి వచ్చి పడ్డారు. ఇప్పుడు కాలనీకి ఎవరో నాయకుడి పేరు పెట్టబోతున్నారట. "జామలంక అన్న మాట నాతోనే పోద్ది బాబూ. మీ పటంలో పెట్టండి, చూసుకుని పోతాను" అంది. నేను నీళ్ళు నమిలేలోగా మా పిల్లల్లో ద్రాక్షారామం నుంచి వచ్చే అమ్మాయి మాటిచ్చేసింది.

చలికాలం పొద్దున్నే పడవ కట్టించుకుని వెళ్ళాం. ఏరు తగ్గి, లంక ఉన్నచోట ఇసుక తేలింది. మంచుకి పక్కమనిషి కూడా ఆనడం లేదు. మామ్మ కర్ర పట్టుకుని ముందు నడుస్తోంది, పిల్లలు నడిచిన దారిని గుర్తు పెట్టుకునే జీపీఎస్ డబ్బాలు పట్టుకుని వరసగా వెనక. ఉత్త ఇసుకలో ఆవిడ ఒకచోట ఆగి తల వంచుకుని, ఇది చూరు, తగులుద్ది అంది. మేమూ వంగాం. (అందరికంటే కిందికి వంగింది నేనే.) ఇంకోచోట చటుక్కున మలుపు తిరిగింది. మాలో పొడుగబ్బాయి తిరక్కుండా తిన్నగా పోయాడు.

"ఒరేయ్, అది ఆశీర్వాదమ్మ వంటిల్లు. చెప్పులతో పోతావేంటి?"

వాడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. రెండడుగులు వేసి, "మాస్టారూ, ఇక్కడ ఇసుక వెచ్చగా ఉందండి" అన్నాడు.

డిగ్రీ చదివి ఇదా నువ్వు నేర్చుకుందని చెడామడా తిట్టాను. తిట్టి, వంగి చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి తీసేశాను. ఒకప్పుడు చర్చి ఉండేచోట మామ్మ నిలబడి ప్రార్థన చేసుకుంది. మంచులో ఎక్కడో గంట మోగింది. కాలనీలోదే అన్నాడు పడవతను. కాలనీ చర్చికి ఇంకా గంట పెట్టలేదని తర్వాత తెలిసింది.

షాపుకొచ్చి మా నడకని కంప్యూటరులోకి దించాం. మ్యాపు కింద ఉన్న శాటిలైటు ఫొటో వరద రోజుల్లో తీసింది, తెరంతా నీళ్ళే. ఆ నీళ్ళ మీద మా అడుగులు వీధులు వీధులుగా, మూలమూలనా గీటు పెట్టినట్టు తిరిగి, ఒక ఊరై కూర్చున్నాయి. అన్నీ ఎక్కించాం. వారం తిరక్కుండా ఏ దేశంలోనో ఉండే ఒక వాలంటీరు, ఇక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవని మొత్తం చెరిపేశాడు. నాకు మండిపోయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో తిట్లు కూర్చుతుంటే ద్రాక్షారామం అమ్మాయి కీబోర్డు లాక్కుంది. "వీధులు లేవు, నిజమే అండి. కానీ పడవవాళ్ళు ఇప్పటికీ ఆ ఇసుకని జామలంక అనే అంటున్నారు కదండీ" అని అదే రాసింది. అతను ఒప్పుకున్నాడు. ఇళ్ళు పోయాయి, పేరు నిలిచింది. ప్రింటు తీసి ఇస్తే మామ్మ ఆ నీలం కాగితాన్ని చేత్తో తడిమి, మా వాకిలి ఇక్కడ అని ఒకచోట వేలు పెట్టింది.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న చలికాలం ఒక్కణ్ణే పడవెక్కి ఆ ఇసుక మీదికి వెళ్ళాను. ఫోనులో జామలంక అని ఉంది, చుట్టూ ఏమీ లేదు. నీళ్ళ అంచుదాకా నడిచి వెనక్కి చూస్తే, నా అడుగులు తిన్నగా రాలేదు. ఒకచోట పక్కకి జరిగి, ఏదో గోడ వెంబడి వచ్చినట్టు వచ్చి, మలుపు తిరిగాయి. పిల్లల్ని తిట్టిన అప్పటి మాస్టారు నన్ను చూస్తే ఏమనేవాడో అని నవ్వొచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఎప్పుడు విప్పానో తెలియదు.