రెండోసారి అడగని జడ్జిగారు

మొన్న ఆదివారం నాటింగ్‌హామ్‌లో మా ఇంట్లో భోజనాలయ్యాక, మనవరాలు తనను కోర్టువారు జ్యూరీకి రమ్మన్నారని, ఎలాగైనా తప్పించుకోవాలని గొణుగుతుంటే నా పాత సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. ఒకప్పుడు నాకూ ఆ పిలుపు వచ్చింది. మన వయసువాళ్ళకైతే నా బాధ అర్థమవుతుందని చెబుతున్నాను.

పుట్టుకతోనే చూపు లేని నాకు, పెళ్ళయి ఈ దేశం వచ్చాక ఒక ఆస్పత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగం దొరికింది. రోజంతా ఎవరెవరి గొంతులో వింటూ గడిపినా, ఇంట్లో గోడల రంగు దగ్గర్నుంచి ఆడపడుచు పెళ్ళి సంబంధం దాకా నా అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు. చులకనై కాదు, పాపం దానికెందుకు శ్రమ అని. అలాంటిది, ఒక మనిషి తప్పు చేశాడో లేదో తేల్చే పన్నెండుమందిలో నన్నూ కూర్చోబెడతామంటే ఎంత పొంగిపోయానో! మావారు "నీకెందుకే ఆ తలనొప్పి, క్లినిక్కుకి ఫోన్ చేసి, నువ్వు రాలేవని డాక్టరు చేత రెండు ముక్కలు రాయిస్తాలే" అన్నా ఒప్పుకోలేదు. జ్యూరీలో కూర్చునే ముందు పైకి చదవాల్సిన ప్రమాణం కార్డు చదివిపెట్టమని అక్కడ ఎవరినీ బతిమాలుకోకుండా, ఆ మాటలన్నీ కూతురి చేత చదివించుకుని, కూర తాలింపు వేస్తూ కూడా వల్లించి కంఠతా పట్టాను.

కోర్టులో నా పేరు పిలిచారు. అక్కడ పనిచేసే ఆవిడ చెయ్యి అందించి నడిపించింది. నేనింకా కూర్చోకముందే జడ్జిగారు ఎంతో మెత్తగా, ఈ కేసులో కొన్ని ఫోటోలున్నాయని, పక్కవాళ్ళు వివరిస్తే సరిపోతుందేమోనని, నాకు సమ్మతమేనా అని అడిగారు. నాకే ఇబ్బందీ లేదు. కానీ ఎవరింటికెళ్ళినా కాఫీ ఇస్తామంటే "అబ్బే, ఇప్పుడెందుకండీ" అని, మళ్ళీ బలవంతపెడితేనే పుచ్చుకునే ఇంట్లో పెరిగినదాన్ని కదా, ఆ అలవాటే నాలుక మీదికొచ్చింది. నా వల్ల అందరికీ ఆలస్యమయ్యేట్టయితే వెళ్ళిపోతానండీ, ఏం పర్వాలేదు అనేశాను. అదేం మాటమ్మా, కూర్చో అంటారని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఆయన మర్యాదగా థాంక్స్ చెప్పి పంపించేశారు. నేను తలుపు దగ్గరకు చేరేలోగా మరొకరి పేరు పిలవడం, వాళ్ళు నాకనుకున్న కుర్చీలో సర్దుకుని కూర్చోవడం వినబడింది.

ఇంటికి బస్సులో వస్తూ ఆ ప్రమాణం మొత్తం మనసులోనే ఒకసారి చెప్పుకున్నాను. మావారు "పోనీలే, పీడా వదిలింది" అన్నారు. ఆయన కంటపడకుండా స్నానాలగదిలోకెళ్ళి ఏడ్చాను.

ఇదంతా చెబితే మనవరాలు "అమ్మమ్మా, వై డిడ్న్ట్ యూ జస్ట్ సే యెస్?" అంది. మొహమాటమంటే ఏమిటో ఆ పిల్లకు ఎలా చెప్పను? ఇప్పుడు ఇక్కడి మన వాళ్ళ ఇళ్ళల్లోనూ టీ వద్దంటే వద్దనే లెక్క, రెండోసారి ఎవరూ అడగరు. నేనూ మొదటిసారికే ఊఁ అనడం నేర్చుకున్నాను. కానీ నాలా డెబ్బై అయిదు దాటినవాళ్ళను జ్యూరీకి పిలవరట. ఆ ప్రమాణం మాత్రం నాకింకా నోటికి వచ్చు.