జీపు అడుగున గొంగడి

తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం నన్ను భువనగిరి నుంచి దేవరకొండ వైపు ఒక గుట్టల మండలానికి పశువైద్యాధికారిగా బదిలీ చేశారు. ఆ పోస్టుతో పాటు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు, దాని డ్రైవర్ సైదులు నా వంతుకు వచ్చారు. జీపు మహా మొండిది. బండరాళ్ల వాగుల్లో కూడా అవలీలగా ఎక్కి దిగేది. లోపల కూర్చున్నవాళ్లను మాత్రం పెనం మీద వేయించినట్టు వేయించేది. సైదులుకు అదంటే ప్రాణం. దాన్ని "మా ముసల్ది" అని పిలిచేవాడు. నేను విసుక్కుని ఓ మాటంటే, తననే తిట్టినట్టు ముఖం మాడ్చుకునేవాడు.

మనుషులు ఉడికితే ఉడికారు, అదొక లెక్కా? అసలు ఉడికిపోతున్నది మందు. గొర్రెలకు పారుడు రోగం రాకుండా వేసే టీకా ప్రాణమున్న మందు. పొడిగా ఉన్నప్పుడూ, ద్రావకంలో కలిపాకా మంచు మీదే ఉండాలి. ఈ వరుసను మేము కోల్డ్ చైన్ అంటాం. అది ఎక్కడ తెగినా సూదిలో మిగిలేది ఉత్త నీళ్లే. మొదటిసారి గుట్ట మీది మంద దగ్గరకు వెళ్లి పెట్టె తెరిస్తే మంచు లేదు. గోరువెచ్చని నీళ్లలో సీసాలు తేలుతున్నాయి. నిబంధన ప్రకారం అన్నీ పనికిరావని పక్కన పెట్టించాను.

పొద్దుటి నుంచి గొర్రెలను ఆపుకుని కూర్చున్న కురుమ పెద్ద లింగయ్యకు ఒళ్లు మండింది. "చేతులూపుకుంట వచ్చినవా డాక్టరమ్మా? ఇంకొన్నొద్దులైతే మేం మేతకు కృష్ణ దాటి పోతం. ఆడ పారుడు తిరుగుతాందంట. జీవాలు సస్తె నేనేం గావాలె?" అన్నాడు. వలసకు ముందు టీకా పడకపోతే ఆ మంద రోగానికి ఎదురు నడిచినట్టే.

మర్నాడే జీపులోకి వేడి ఏ దారిన వస్తున్నదో వెతికాం. ఎండలో నిలిపి ఉంచితే పైకప్పు కాలేది. నడిచేటప్పుడు మాత్రం కప్పు కంటే అడుగే ఎక్కువ కాలేది. అంటే సూర్యుడిది సగం పాపమే, మిగతాదంతా ఇంజనుది. పొగ గొట్టం సరిగ్గా టీకా పెట్టె పెట్టే చోటి కిందనుంచే పోతుంది. దానికీ అడుగు రేకుకూ మధ్య ఉండాల్సిన అడ్డురేకు ఎప్పుడో ఊడి ఏ వాగులోనో పడిపోయింది. గేరు రాడ్డు మొదట్లో రబ్బరు తొడుగు చిరిగి, వేడిగాలి సూటిగా మోకాళ్లకు కొట్టేది. సైదులు మెకానిక్కును వెంటబెట్టుకొచ్చి అడ్డురేకు వేయించాడు, తొడుగు మార్పించాడు, ఇంజను వైపు గోడలో వైర్ల పక్కనున్న సందులన్నీ మూయించాడు. కప్పుకు తెల్లరంగు కొట్టించాం. వేడి చాలావరకు దిగింది కానీ అడుగు ఇంకా చురుక్కుమనేది.

"గొంగడి పరుద్దాం మేడం, ఉన్ని జల్ది వేడెక్కదు" అన్నాడు సైదులు. నల్లగొర్రెల ఉన్నితో నేసే ఆ ముతక కంబళి కాపరుల భుజం మీద ఎండనకా వాననకా ఉంటుంది. నాకూ సబబే అనిపించింది. సైదులుది పోచంపల్లిలో మగ్గాల ఇల్లు. బట్ట కొలవడం, కోయడం పుట్టుకతో వచ్చిన విద్య. అంగట్లో గొంగడి కొనుక్కొచ్చి, గేరు రాడ్డు చుట్టూ గుండ్రంగా కత్తిరించి, సీటు కాళ్లకు గాట్లు పెట్టి, అడుగున అతికినట్టు పరిచాడు. మంచుపెట్టెతో గుట్టల్లో తిరిగి చూశాం. మంచు మంచులాగే ఉంది. సైదులు మురిపెం ఇంతా అంతా కాదు!

వలస రేపనగా బయలుదేరాం. మంద ఏ గుట్ట వెనక ఉందో లింగయ్యకే తెలుసు. అతను ఊరి చివర మా కోసం నిలబడ్డాడు. ముందు సీటు ఎక్కబోయి, కిందికి చూసి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"గిదేంది, గొంగడి కాళ్ల కింద ఏసిండ్రు? కత్తెర గూడ పెట్టిండ్రా!"

సైదులు వేడి సంగతి వివరించబోయాడు. లింగయ్య వినలేదు. "పండుగకు గదే పరిచి దేవునికి మొక్కుతం. పిల్లగాడు పుడితె గీ గొంగడిలనే సుట్టుకుంటం. చెప్పులతోటి నేనెట్ల తొక్కాలె? మీరు పోండ్రి, నేను రాను."

నాకు ముందు కోపం వచ్చింది. ఇంత పాటుపడ్డది ఇతని గొర్రెల కోసమే కదా అనిపించింది. కానీ అతని కళ్లలో నీళ్లు చూశాను. వెనక మంచు కరుగుతూనే ఉంది. "తీసెయ్ సైదులూ" అన్నాను. అంత ముచ్చటగా పరిచినదాన్ని సైదులు ఊడదీసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో లింగయ్యకు అందించాడు. అతను దాన్ని కళ్లకద్దుకుని, జీపు వెనక భాగంలోకి తొంగిచూశాడు.

"మందు పెట్టె ఇటు తే" అన్నాడు.

సీటెక్కి, గొంగడిని పెట్టె చుట్టూ చుట్టి, పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. అడుగు వేడికి మా అరికాళ్లు మాడాయి. సైదులుకైతే పెడల్ మీద కాలు తీయడానికీ లేదు పాపం. నా అవస్థ చూసి లింగయ్య, "జర ఓర్సుకో డాక్టరమ్మా, మందు సల్లగుంటే సాలు" అని నన్నే ఊరడించాడు. మంద దగ్గర పెట్టె తెరిస్తే మంచు గట్టిగానే ఉంది. పొద్దు దిగేలోపు ఒక్క జీవం మిగలకుండా టీకాలు వేశాం.

వానలు పడ్డాక మందలు తిరిగొచ్చాయి. కృష్ణ అవతల పారుడు నిజంగానే తగిలి, టీకా పడని మందలు చాలా దెబ్బతిన్నాయి. లింగయ్య జీవాలు దక్కాయి. జీపు అడుగున మేము అప్పటికే కొబ్బరిపీచు చాపలు వేసుకున్నాం. గొంగడంత బాగా పనిచేయలేదు, అయినా సర్దుకున్నాం.

తర్వాత సహాయ సంచాలకురాలినయ్యాక, కొత్తగా చేరిన డాక్టర్లకు ఈ సంగతి చెప్పేదాన్ని. వేడి ఏ దారిన వస్తున్నదో బండి అడుగున దూరి మీరే చూసుకోండి. దాన్ని ఆపడానికి ఊళ్లోని వస్తువు వాడేటప్పుడు మాత్రం, దాన్ని ఎక్కడ పెట్టవచ్చో ఆ ఊరివాళ్లను అడగండి. అడగకపోతే మంచు కరగకపోవచ్చు గానీ, మందకు దారి చూపేవాడు మీ బండి ఎక్కడు.