వైరు పీకిన మధ్యాహ్నం

మా ఆయనకు కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. ఎవరైనా అడిగితే ఆయన యాక్సిడెంట్ అంటాడు. నేను మాత్రం కొడవలితో నరికారనే చెబుతాను. పులివెందులలో పుట్టినదాన్ని, నోరు కుట్టుకుని బతకడం మా ఇంటావంటా లేదు.

ప్రొద్దుటూరులో మాది కంప్యూటర్లు బాగుచేసే అంగడి. ఆయన జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పెరిగిన మెత్తటి మనిషి. మదర్‌బోర్డులు విప్పడం, టంకం పెట్టడం ఆయన పని. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం నా పని. ఒకరోజు పొద్దున పెద్దముడియం దిక్కు ఒక ఊరి నుంచి జీపు వచ్చింది. ఆ ఊళ్లో పైవీధి నాయకుడిది ఒక పార్టీ, కిందివీధి నాయకుడిది ఇంకో పార్టీ. ఇద్దరి మధ్య పగలో చచ్చినవాళ్ల పేర్లు పసిపిల్లలు కూడా చెబుతారు. జీపు పైవీధి నాయకుడిది.

"అక్కే రావాల. కొత్త మొగోళ్లను అన్న లోపలికి రానియ్యడు" అన్నాడు డ్రైవరు.

ఫ్యాక్షన్‌లో ఆడవాళ్ల జోలికి పోరు, ఆడవాళ్లను అనుమానించరు. అదొక్కటే వాళ్ల నీతి. నన్ను ఒంటరిగా పంపడానికి మా ఆయనకు మనసొప్పలేదు. ఆ ఇంటి ఎదుటి టీ బంకు దగ్గర కూర్చుంటానని పట్టుబట్టి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని జీపెక్కాడు.

పని రోడ్డు టెండరుది. ఒకప్పుడు టెండరు పెట్టె దగ్గరే తలలు పగిలేవి. ఆన్‌లైన్ వచ్చాక ఇంట్లోంచే వేస్తున్నారు. టెండరు మీద డిజిటల్ సంతకం పెట్టడానికి నాయకుడి దగ్గరున్న సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆ ఇంట్లో ఉన్నదేమో ఒకే కంప్యూటర్, అందులో కొత్త విండోస్, పైగా గేటు కెమెరాలన్నీ దానికే తగిలించి ఉన్నాయి. అందుకని ఆ కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను, అదే వర్చువల్ మెషీన్‌ను తయారుచేసి, అందులో పాత విండోస్ ఎక్కించాలి. సాయంత్రం లోపల టెండరు పడాలి.

మెషీన్ తయారుచేసి స్టార్ట్ నొక్కితే ఎర్రర్ వచ్చింది. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ ఆపేసి ఉందట. దాన్ని బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల్లోకి పోయి ఆన్ చేయాలి, అందుకు కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఆ మాట అనగానే కెమెరా తెరల ముందు కూర్చున్న కాపలావాడు లేచి నిలబడ్డాడు.

"కెమెరాలు ఆపేది లేదక్కా!"

వాడి భయం ఉత్తది కాదు. అంతకుముందు ఒక పగలు కరెంటు పోయి కెమెరాలు ఆరిపోయినప్పుడే కిందివీధివాళ్లు బాంబులు విసిరి, గేటు తోసుకొచ్చి, నాయకుడి తమ్ముణ్ని వరండాలో నరికారు. ఆ గోడమీద మసి అట్లాగే ఉంది. పగ తీరేదాకా సున్నం కొట్టనివ్వనని నాయకుడి ఒట్టు.

లేకుంటే టెండరు పోతుందని నాయకుడే సరేనని తలూపాడు. రీస్టార్ట్ చేసి, సెట్టింగు మార్చి, మళ్లీ స్టార్ట్ నొక్కాను. అదే ఎర్రర్. ఒళ్లు మండి మా ఆయనకు ఫోన్ చేశాను.

"రీస్టార్ట్ సాల్దు మే. ఆ బోర్డుకు కరెంటు పూర్తిగా పోవాల. వైరు పీకి, కాసేపాగి పెట్టు" అన్నాడు.

"సరే, పీకుతాండా" అని పెట్టేశాను.

కాపలావాడి ముఖం మారిపోయింది. "ఎవురికక్కా చెప్తాండావు కెమెరాలు ఆపుతాండామని?"

"నా మొగునికి! ఎదురుగా టీ తాగుతాండాడు, పోయి అడుగు" అన్నాను. వాడు అడగలేదు. నా ఫోన్ లాక్కుని, బయటికి కేకేశాడు. నేను వైరు పీకాను. తెరలు నల్లబడ్డాయి. వాకిట్లో ఉన్న మగవాళ్లంతా వేటకొడవళ్లు పట్టుకుని గేటు వైపు పరుగెత్తారు.

ఆ పరుగును మా ఆయన బంకు దగ్గరనుంచి చూశాడు. నాకేదో అయిందనుకున్నాడు. ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతాను? అది కాపలావాడి జేబులో మోగుతోంది. "మా ఆడమనిషి లోపలుంది" అని అరుస్తూ, సంచి పట్టుకునే గేటు వైపు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడట. ఆ ఊళ్లో సంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషంటే ఒకటే అర్థం. సంచిలో బాంబులు.

లోపల నేను వైరు పెట్టాను. కంప్యూటర్ లేచింది. అన్నిటికంటే ముందు కెమెరాలు వచ్చాయి. గేటు దగ్గర గుంపు, మధ్యలో నేల మీద ఒక మనిషి. కొడవలి లేచి దిగింది. ఆ కెమెరాలకు శబ్దం లేదు. సంచి చినిగి స్క్రూడ్రైవర్లు, టంకం కడ్డీ రోడ్డు మీద దొర్లాయి. వాటిని చూసి గుర్తుపట్టాను.

నేను పోయేసరికి చెయ్యి తోలుకు వేలాడుతోంది. కొంగు చించి కట్టాను. నెత్తురు ఆగలేదు. నాయకుడు వచ్చి చూసి, "తెలీక జరిగిందమ్మా, జీపు తీయండ్రా" అన్నాడు. అప్పుడు కాపలావాడు నా వెనక నిలబడి మెల్లగా అడిగాడు, "అక్కా, ఇప్పుడు టెండరు పడ్తాదా?"

వాడి చెంప పగలగొట్టాను. ఆడదాని చేతిలో దెబ్బ తిని వాడు బిత్తరపోయాడు. కొడవలి నా చేతికి దొరికివుంటే ఆ రోజు వాణ్ని చంపేదాన్ని. ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు.

జమ్మలమడుగులో కట్టు కట్టి ప్రొద్దుటూరుకు పంపారు. చెయ్యి అతకలేదు. కేసు పెడితే టీ బంకాయన కూడా ఏమీ చూడలేదన్నాడు. మా ఆయన ఎడమచేత్తో టంకం పెట్టడానికి ప్రయత్నించి, వేళ్లు కాల్చుకుని మానేశాడు. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను. కరెంటు పోతే మాత్రం లేచొచ్చి నా పక్కన నిలబడతాడు.

మొన్నటి ఎలక్షన్లకు మా వీధిలోకి ప్రచారం జీపు వచ్చింది. పైన పైవీధి నాయకుడు, ఆయన భుజానికి భుజం ఆనించి కిందివీధి నాయకుడు. ఇద్దరి మెడలో ఒకే రంగు కండువా. మా అంగడి ముందు జీపు ఆపి, పైవీధి నాయకుడు మమ్మల్ని గుర్తుపట్టి రెండు చేతులూ జోడించి నవ్వాడు. పక్కవాడూ జోడించాడు.

మా ఆయన మెత్తటి మనిషని చెప్పాను కదా. బదులుగా ఎడమచెయ్యి పైకెత్తబోయాడు. నేను దాన్ని పట్టుకుని కిందికి దించాను, జీపు పోయేదాకా వదల్లేదు.